పధ్నాలుగు క్యారెట్లు, చిలకలపూడి గిల్టు

మా ఇంట్లో అటక మీద ఒక చెక్కపెట్టె ఉండేది. ఊదుగొట్టం, రెండు పటకార్లు, గుప్పెడంత దాగలి, ఒరగల్లు, వరుసగా చిన్నవవుతూ పోయే రంధ్రాలున్న కమ్మచ్చు, గుడ్డమూటలో గురివింద గింజలు. అవి మా తాతగారివి. 1963 సంక్రాంతికి ఆ పెట్టె మూతపడిందని మా నాయనమ్మ చెప్పేది. తిథులూ నక్షత్రాలూ తప్ప ఇంగ్లీషు సంవత్సరాలు తెలియని మనిషి, ఆ ఒక్క ఏడాదిని మాత్రం అంకెతో సహా చెప్పేది.

1962 చివర చైనాతో యుద్ధం ముగిసేనాటికి దేశం దగ్గర విదేశీ మారకద్రవ్యం అడుగంటింది. దొంగచాటుగా దిగుమతయ్యే బంగారం ఆ కొరతను మరింత పెంచుతోంది. బంగారం మీద జనానికున్న మోజు తగ్గితే దొంగరవాణా తగ్గుతుందని ఆనాటి ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ తలచారు. 1963 జనవరి రెండో వారంలో, భారత రక్షణ నిబంధనల కింద, బంగారు నియంత్రణ ఉత్తర్వులు వెలువడ్డాయి. నగలు కాని బంగారం ఎవరి దగ్గరున్నా లెక్క చెప్పాలి. ఇకపై చేసే ఏ కొత్త నగా పధ్నాలుగు క్యారెట్లకు మించకూడదు. ఉన్న పాత నగలు పెట్టుకోవచ్చు, దాచుకోవచ్చు. కొత్తవి మాత్రం అలా చేయకూడదు.

పధ్నాలుగు క్యారెట్లంటే నూటికి యాభై ఎనిమిది పాళ్ళు బంగారం, మిగిలింది రాగీ వెండీ వగైరా. మనవాళ్ళు తరతరాలుగా వాడిన ఇరవైరెండు క్యారెట్లలో తొంభై ఒకటిన్నర పాళ్ళకు పైనే బంగారం ఉంటుంది. ఈ తేడా కాగితం మీద చిన్నదే, కుంపటి దగ్గర కాదు. కల్తీ పెరిగిన కొద్దీ లోహం బిరుసెక్కుతుంది. సుత్తిదెబ్బకు సాగవలసిన చోట చిట్లుతుంది. మాటిమాటికీ కాల్చి మెత్తబరచాలి. వెంట్రుకంత తీగ లాగి అల్లే పనికి అలవాటుపడ్డ చేతికి అది పరాయి లోహమే. రంగూ వేరు, పాలిపోయినట్టుంటుంది. పడమటి దేశాలలో ఆ బంగారంతోనే సొగసైన నగలు చేస్తారని అప్పటి పెద్దలు నచ్చజెప్పారట. కానీ మన ఇళ్ళలో నగ అంటే అలంకారం ఒక్కటే కాదు కదా! పంట పోయిన ఏడు తాకట్టుకు వెళ్ళేదీ, ఆడపిల్లకు తనదని చెప్పుకోవడానికి మిగిలేదీ అదే. సగం రాగి ఉన్నదానికి కూలి ఇచ్చి చేయించుకునేవాళ్ళెవరు?

ఇక్కడ కంసాలి బతుకుతెరువు ఎలా నడిచేదో కాస్త చెప్పాలి. పల్లెలో స్వర్ణకారుడికి పెట్టుబడి లేదు. బంగారం గిరాకీదారుడే తెస్తాడు. పనివాడికి దక్కేది మజూరీ, ఒప్పుకున్న మేరకు తరుగు. అరగదీసినప్పుడు రాలిన పొడి, కుంపటి బూడిద, కూర్చున్న చోటి మట్టి, అన్నీ ఊడ్చి దాచేవారు. ఏడాదికొకసారి జలగడుగువాళ్ళు వచ్చి కడిగి అందులోని రవ్వంత బంగారం తీసిపెట్టేవారు. ఇంత సన్నటి ఆదాయం మీద నడిచే వృత్తికి నమ్మకమే మూలధనం. (ఆ నమ్మకం ఎలాంటిదో తెలియాలంటే కంసాలివాళ్ళ మీద మన భాషలో ఉన్న సామెతలు వింటే చాలు. అవి మా ఇంట్లో ఎవరూ పలికేవారు కారు, బయట మాత్రం చిన్నప్పటినుంచీ వింటూనే పెరిగాను.) అలాంటి పనికి ఒక్క ఉత్తర్వుతో గిరాకీ ఆగిపోయింది. దేశమంతటా లక్షల కుటుంబాల మీద ఈ దెబ్బ పడింది. ప్రాణాలు తీసుకున్న స్వర్ణకారుల సంగతి పార్లమెంటులో చర్చకు వచ్చింది. పునరావాసమంటూ అప్పులు, పిల్లల చదువులకు రాయితీలు, ఉద్యోగాల్లో వయోపరిమితి సడలింపు ప్రకటించారు. నలభై ఏళ్ళొచ్చి, ఎడమచేత్తో ఊదుగొట్టం, కుడిచేత్తో పటకారు తప్ప మరొకటి పట్టని మా తాతగారికి ఏ ఉద్యోగమిస్తారు?

ఆయన మూటాముల్లె సర్దుకుని బందరు చేరారు. బందరుకు పక్కనే చిలకలపూడి. భక్తులకు పాండురంగస్వామి ఆలయంతో గుర్తు; పెళ్ళిళ్ళవాళ్ళకు గిల్టు నగలతో. మా తాతగారు వెళ్ళేనాటికే అక్కడ ఆ పని వేళ్ళూనుకుని ఉంది. రోల్డుగోల్డన్నా, కవరింగన్నా, గిల్టన్నా జనం దృష్టిలో ఒకటేగానీ, చేసేవాడికి ఒకటి కాదు. మొదటిది రేకుపని: రాగి కడ్డీ మీద పలుచని బంగారు రేకు తాపి, కాల్చి అతికించి, దాన్ని కమ్మచ్చులో లాగుతారు. చిత్రమేమిటంటే, కడ్డీ ఎంత సన్నబడినా పైన బంగారం, లోన రాగి అదే పాళ్ళలో సన్నబడుతూ పోతాయి. రెండోది మునక: రాగితోనో ఇత్తడితోనో నగ పూర్తిగా చేశాక, బంగారపు లవణం కలిపిన ద్రావకంలో వేలాడదీసి విద్యుత్తు పంపితే పైన పూత ఎక్కుతుంది. 1840లో ఇంగ్లండులో ఎల్కింగ్టన్ వారు హక్కుపత్రం పొందిన పద్ధతే ఇది. పని సులువు, ఖర్చు తక్కువ. ఆ ద్రావకంలో ఉండేది మాత్రం సైనైడు. గాలి ఆడని గదుల్లో, చేతులకు తొడుగుల్లేకుండా ఆ తొట్ల మీద వంగి పనిచేసినవాళ్ళను నేను ఎరుగుదును.

మా తాతగారు మొదట రేకుపనిలో కూలికి కుదిరారు. తర్వాత మా నాన్నగారు నలుగురు పనివాళ్ళతో సొంతంగా చిన్న కొట్టు పెట్టారు. అప్పుడు తెలిసివచ్చిందట తేడా. బంగారప్పనిలో గిరాకీదారు ముందు, నగ తర్వాత. గిల్టుపనిలో నగ ముందు. దాన్ని ఎవరు కొంటారో తెలియదు. రాగి, రాళ్ళు, రేకు, బొగ్గు అన్నీ మన అప్పుతోనే కొనాలి. గాజులు, గొలుసులు గ్రోసు లెక్కన కట్టి ఊళ్ళకు పంపాలి. డబ్బు ఎప్పుడొస్తుందంటే పండగ తర్వాత, పెళ్ళిళ్ళ తర్వాత, మళ్ళీ సరుకు తీసుకున్నప్పుడు. రాళ్ళు అతికే పని, పూసలు గుచ్చే పని చుట్టుపక్కల ఆడవాళ్ళకు ఇళ్ళకే ఇచ్చేవారు. వాళ్ళ లెక్క మాత్రం శనివారం తప్పకూడదు. ఈ రెండు గడువుల మధ్య నలిగేదే చిన్న కొట్టు. ఒక పెద్ద ఊరి వర్తకుడు రెండు సీజన్ల సరుకు తీసుకుని మొహం చాటేశాడు. ఆ ఏడు నా చదువు ఫీజుకు నాయనమ్మ మురుగులు వెళ్ళాయి. అవి గిల్టువి కావు.

ప్రభుత్వం మెల్లగా వెనక్కి తగ్గింది. 1963 సెప్టెంబరులోనే, ధ్రువపత్రం పొందిన స్వర్ణకారులు పాత నగలు కరిగించి పాత నాణ్యంలోనే తిరిగి చేయవచ్చన్నారు. 1966లో ఢిల్లీలో స్వర్ణకారులు సత్యాగ్రహం చేశారు. ఆ ఏడు చివర పధ్నాలుగు క్యారెట్ల హద్దు తొలగింది. 1968లో నియంత్రణ చట్టమే వచ్చి, లైసెన్సులు, లెక్కల పుస్తకాలు, తనిఖీలు కొనసాగాయి. మరుసటి ఏడు సుప్రీంకోర్టు అందులో కొన్ని సెక్షన్లను కొట్టివేసింది. మొత్తం చట్టం రద్దయింది 1990లో. ఇరవైఏడేళ్ళు! దొంగరవాణా ఆగిందా అంటే, ఆ కాలపు సినిమాల్లో ప్రతినాయకులందరూ ఏ వ్యాపారం చేసేవారో గుర్తుచేసుకోండి.

1966 తర్వాత తాతగారు పాత వృత్తికి ఎందుకు వెళ్ళలేదని నాన్నగారిని అడిగాను. రెండు కారణాలు చెప్పారు. నా చేతికి మరొకడు పత్రమివ్వడమేమిటని ఆయన ధ్రువపత్రానికి అర్జీ పెట్టలేదట. రెండోది, ఆ మూడేళ్ళలో గిరాకీదారులు పట్నం దుకాణాలకు అలవాటుపడ్డారు. మూడో కారణం నాయనమ్మ చెప్పింది. ఇక్కడ ఎవరూ త్రాసు వంక అనుమానంగా చూడరు, ఇత్తడిలో దొంగిలించేదేముంది, అని ఆయన నవ్వేవారట. ఆ నవ్వులో సుఖం పాలెంతో, కష్టం పాలెంతో ఒరగల్లు మీద గీసి చూసేది కాదు.

బందరులో ఈ పని ఇంకా సాగుతోంది. పోతేపల్లిలో ప్రత్యేకంగా నగల పార్కు వెలిసింది. పాత రేకుపని చేతులు మాత్రం తగ్గిపోయాయి. అచ్చు యంత్రాలు, ఇతర రాష్ట్రాల సరుకు, చైనా సరుకు వచ్చిపడ్డాయి. ఇంకో విడ్డూరం: 2021లో హాల్‌మార్కు తప్పనిసరి చేసినప్పుడు అనుమతించిన నాణ్యాలలో పధ్నాలుగు క్యారెట్లూ ఒకటి. ఉత్తర్వులతో ఆనాడు అంటగట్టలేకపోయినదాన్ని, బంగారం ధర మండిపోతున్న ఈ రోజుల్లో జనం తామే అడిగి కొంటున్నారు.

1965లో మా మేనత్త పెళ్ళి జరిగింది. మూడూళ్ళ పెళ్ళికూతుళ్ళకు నగలు చేసిన మనిషి, సొంత కూతురికి చిలకలపూడి హారం, చిలకలపూడి జూకాలు చేశారు. వియ్యాలవారికి ముందే చెప్పారు, దాచలేదు. పుస్తెల కోసం మాత్రం ఒక రాత్రి చెక్కపెట్టె తెరిచారు. నాయనమ్మ కంటె కరిగించి తన చేతులతోనే చేశారు. పత్రం లేదు కనుక ఆ రాత్రి ఆయన చేసింది నేరమే. తలుపులు మూసి, ఊదుగొట్టం శబ్దం బయటికి వినబడకుండా నాయనమ్మ రోట్లో పిండి రుబ్బుతూ కూర్చుందట.

మొన్న అత్తయ్య ఆ హారం చూపించింది. అరవైయేళ్ళు దాటినా కొక్కెం దగ్గర గింజంత మేర తప్ప ఎక్కడా రాగి బయటపడలేదు. బందరు తీసుకువెళ్ళి ఆ కాస్తా పూత వేయించుకొస్తానన్నాను. వద్దు, అది తొట్టిలో ముంచేది కాదు, నాన్న లాగిన తీగ, అంది.