ప్రళయకావేరి తీరమున పక్షులు, పల్లెలు

ఆంధ్రదేశపు సముద్రతీరము ఇచ్ఛాపురము మొదలుకొని తడ వరకు వ్యాపించియున్నది. మార్గశిర పుష్యమాసములయందు ఈ తీరమున ఒక దినము పక్షులను చూచుచు గడపదలచువారికి దక్షిణపు కొనయందలి పులికాటు సరస్సు మిక్కిలి అనువైన చోటు. తెలుగువారు దీనిని ప్రళయకావేరి యని పిలిచిరి. మన దేశమునందలి ఉప్పునీటి కయ్యలలో ఒడిశాలోని చిలకాసరస్సు మొదటిది, ఇది రెండవది. శ్రీహరికోట దీవి దీనికిని బంగాళాఖాతమునకును నడుమ అడ్డుగట్టువలె నిలిచియున్నది. సరస్సులో అధికభాగము ఆంధ్రప్రదేశమునకును, దక్షిణభాగము తమిళనాటికిని చెందును.

ప్రొద్దు పొడుచునప్పటికి చేరవలసినది సరస్సునకు కాదు. దొరవారిసత్రమునకు సమీపమునందలి నేలపట్టు చెరువునకు. నీట నిలిచిన కడపచెట్ల కొమ్మలన్నియు గూళ్లతో నిండియుండును. గూడబాతులు, నత్తగుల్లకొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు ఒకే చెట్టున అంతస్తులుగా కాపురముండును. గూడబాతు ప్రళయకావేరికి పోయి చేపలు పట్టి తెచ్చును. పిల్లలు తల్లి గొంతులో తలదూర్చి ఆ ఆహారమును అందుకొనును. అనగా చెరువు పురిటిల్లు, సరస్సు వంటిల్లు. ఒకటి చెడినచో రెండవది నిలువదు.

ఈ పక్షులన్నియు సైబీరియానుండి వచ్చునని జనులు తరచుగా చెప్పుకొందురు. అది సరికాదు. గూడబాతు, నత్తగుల్లకొంగ మన దక్షిణాసియా ఖండపు పక్షులే. వానలకును, చెరువుల నీటికిని అనుగుణముగా తావులు మార్చుకొనును. చలికాలమున ఉత్తరాసియానుండి నిజముగా దిగివచ్చునవి సూదితోకబాతు మొదలగు బాతులును, బురదలో పురుగుల నేరుకొను ఉల్లంకులును. గూడబాతు మన ఊరి ఆడుబిడ్డయని తెలిసికొన్నచో, దానియెడల మన బాధ్యతయు ఎక్కువగును.

ఈ తీరమునకు పాశ్చాత్యులు తొలుత వచ్చినది బట్టల వర్తకమునకై. డచ్చివారు 1613లో పులికాటునందు గెల్డ్రియా కోటను కట్టిరి. పక్షుల సంగతి శ్రద్ధగా వ్రాసినవారిలో ముఖ్యుడు 1811లో జన్మించిన జెర్డను అను వైద్యుడు. ఆయన నెల్లూరిలో సివిల్ సర్జనుగా పనిచేసిన కాలమున అచ్చటి యానాదులను అడిగి జంతువులను గూర్చియు పక్షులను గూర్చియు ఎంతో తెలిసికొనెను. పుస్తకముపై పేరు జెర్డనుది. అందలి విద్యలో కొంత యానాదులది. 1862 మొదలు 1864 వరకు వెలువడిన ఆయన గ్రంథమున ఒక విశేషమున్నది. కర్ణాటక దేశమున ఒక పల్లె నడుమ, అంత ఎత్తులేని చెట్లపై, గూడబాతులు మనుష్యుల అలికిడిని లెక్కచేయక గూళ్లు కట్టుకొనుట ఆయన కన్నులార చూచెను. అవి తరతరములుగా అట్లే వచ్చుచున్నవని ఆయన వినెను. ఎన్ని తరములో చెప్పుటకు వ్రాతమూలమైన ఆధారమేదియు ఆయన పేర్కొనలేదు.

పల్లెలు పక్షులను కాచుటకు కాగితమును సంపాదించిన సందర్భమొకటి చెంగల్పట్టు సీమలోని వేడంతాంగల్‌లో కలదు. దొరల సిపాయీలు చెరువులోని పక్షులను కాల్చుచుండగా గ్రామస్థులు మొరపెట్టుకొనిరి. 1798లో కలెక్టరు లయొనెల్ ప్లేసు వారికి కౌలు వ్రాసియిచ్చెను. వేటను నిషేధించు చట్టములకు ఎంతయో ముందే రైతులు పట్టుపట్టి సాధించిన రక్షణ యిది.

అట్టి పట్టుదలకు కారణము కేవలము భూతదయ కాదు. పక్షుల రెట్ట చెరువునీట కలియును. ఆ నీరు పొలమునకు పారినపుడు ఎరువై పైరునకు బలమిచ్చును. నేలపట్టు రైతులును ఈ మేలును ఎరిగినవారే. వారు గూళ్లజోలికి పోలేదు. పక్షులు వారిని చూచి బెదరలేదు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టము వచ్చినది. 1976లో నేలపట్టు పక్షిరక్షణాలయమైనది. చట్టము అచ్చటికి పోవునప్పటికి కాపాడదగినది మిగిలియుండుట ఆ పల్లె పెట్టిన భిక్ష.

అన్నిచోట్లను ఇట్లు జరుగలేదు. 1946లో కేరళీయుడైన నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమగోదావరి జిల్లా కొల్లేటి ప్రాంతమున, ఆరేడు గ్రామమునందు, గొప్ప గూడబాతుల స్థావరమును కనుగొని, 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో దానిని ప్రకటించెను. అప్పుడు సుమారు 3,000 గూడబాతులు అచ్చట గూళ్లు కట్టుచుండెను. 1975 ప్రాంతమునకు ఆ స్థావరము అంతరించెను. ముప్పది సంవత్సరములలో, ఒక్క మనుష్యుని జీవితకాలములో సగమైనను గడువకమునుపే, మూడువేల పక్షుల ఊరు శూన్యమైనది.

మధ్యాహ్నమున సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు బాటను పట్టవలెను. బాట సరస్సును చీల్చుకొని పోవును. అటకానితిప్ప చేరువలో లోతులేని నీటియందు, రాజహంసలని జనులు పిలుచు ఫ్లెమింగోలు బారులుతీరి నిలుచును. అవి తలక్రిందుగా ముక్కును నీట ముంచి, సన్నని జీవులను వడగట్టి తినును. వాని రెక్కల ఎరుపు ఆ తిండివలన కలిగినదే. మన దేశమున అవి పెద్దయెత్తున పిల్లలను చేయుచోటు కచ్ఛదేశపు రణభూమి. బాట చివరనున్న దీవినుండి 1971లో మొదటి రాకెట్టు ఎగిరినది.

ఈ సరస్సునకు ఇప్పటి భయము తుపాకి కాదు, ఇసుక. రాయదొరువు మొదలగు ముఖద్వారములు పూడిపోవుటచే సముద్రపునీటి రాకపోకలు సన్నగిల్లును. నీరు తగ్గిన చేపయు తగ్గును. చేప తగ్గిన వలవేయు జాలరియు, నేలపట్టులోని గూడబాతుపిల్లయు ఒకే దినమున పస్తుండవలసివచ్చును. కావున ద్వారములను తెరచియుంచుట ఇరువురికిని చేయు ఉపకారము.

సాయంకాలమున గుంపులు గూళ్లకు మరలునపుడు చూపరులు వానిని లెక్కించి సంతోషించి ఇండ్లకు పోవుదురు. లెక్క మరునాటికి మరపున పడును. పక్షులు దిగు చెరువుగల ప్రతి గ్రామపు గ్రంథాలయమునందును ఒక చిట్టాపుస్తకముండుట మేలు. తొలి పక్షి ఏ దినమున వచ్చినది, ఎన్ని చెట్లపై ఎన్ని గూళ్లు కట్టినవి, చెరువున నీరెంత, కడపటి గుంపు ఎప్పుడు పోయినది అను నాలుగు ముక్కలు ఏటేట వ్రాసిన చాలును. జెర్డనునకు దొరకని సమాధానము రేపటివారికి ఆ పుస్తకమునందు దొరకును. ఒక యేడు గూళ్లు తగ్గినచో, ఆరేడువలె అంతయు ముగిసిన పిమ్మట గాక, వేళ మించకమునుపే ఊరివారు మేలుకొందురు.