సుద్దరాతి మీద సాక్ష్యం – ఆష్‌వెల్ చర్చి

ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ ఉత్తరపు కొసన ఆష్‌వెల్ అనే గ్రామం ఉన్నది. అక్కడి సెయింట్ మేరీ చర్చి గోపురం ఎత్తు 176 అడుగులు. ఇంత చిన్న ఊరికి అంత గోపురమెందుకన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. 1086 నాటి డూమ్స్‌డే సర్వేలో ఆష్‌వెల్ పట్టణస్థాయి గల ఊరు; దానిపై హక్కు వెస్ట్‌మినిస్టర్ మఠానిది. ఆ కలిమి తరిగింది, గోపురం మిగిలింది.

కట్టడంలో అధికభాగం 14వ శతాబ్దానిది. తూర్పున బలిపీఠం, నడుమ విశాలమైన మధ్యశాల, దానికి ఇరువైపులా స్తంభాల వరుసల ఆవల పక్కశాలలు, పడమట గోపురం. గోపురానికి వాడినది క్లంచ్ అనే మెత్తని సుద్దరాయి. చెక్కడానికి సులువే గాని ఎండకూ వానకూ మంచుకూ త్వరగా అరిగిపోతుంది. శిల్పి దృష్టిలో అది లోపం. చరిత్రకారునికి మాత్రం అదే వరమైంది: ఆ మెత్తదనం వల్లనే లోపలి గోడలమీద సామాన్యులు సైతం మొనగల పనిముట్టుతో వ్రాయగలిగారు.

1348 వేసవిలో ప్లేగు ఇంగ్లండులో ప్రవేశించింది. రెండేళ్లలో జనాభాలో మూడోవంతు నుండి సగం వరకు నశించినట్లు చరిత్రకారుల అంచనా. గోపురం లోపల ఉత్తరపు గోడమీద ఎవరో లాటిన్‌లో ఆ సంగతి గీశారు. మొదటి మహమ్మారి వచ్చిన ఏడు యాభైకి ఒకటి తక్కువట, అంటే 1349. 1350ని దీనమైన, క్రూరమైన సంవత్సరమని పేర్కొని, సాక్ష్యానికి మిగిలినది జనంలోని అధములేనన్నారు. బ్రతికి మిగిలినవారిలో తానూ ఒకడై ఉండి ఈ మాట వ్రాసిన మనిషి మనఃస్థితి ఎటువంటిదో!

ఆ పైన మరో విపత్తు: 1361లో సెయింట్ మారుస్ పండుగనాటి పెనుగాలి. అప్పటి ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కనుక మన లెక్కలో అది 1362 జనవరి 15. నార్విచ్ కథీడ్రల్ శిఖరాన్ని కూల్చినది ఆ గాలివానే.

అదే గోడపై ఒక పెద్ద చర్చి బొమ్మ ఉన్నది. అది లండనులోని పాత సెయింట్ పాల్ కథీడ్రల్ అని పలువురి అభిప్రాయం. ఆ కథీడ్రల్ శిఖరం 1561లో పిడుగుపాటుకు కాలిపోయింది, మిగిలిన కట్టడం 1666 అగ్నిప్రమాదానికి ఆహుతైంది. మరోచోట ఒకడు రాళ్ల మూలలు సరిగా అతకలేదని విసుక్కొని ఉమ్మేస్తున్నానన్నాడు. ఇంకొకడు చర్చి పై అధికారిని గాడిద అన్నాడు!

రాజులు శాసనాలు వేయించుకొన్నది తమ కీర్తి నిలవాలని. ఇక్కడ వ్రాసినవారు తమ పేరైనా చెప్పలేదు. మరణమూ గాలివానా వెక్కిరింతా ఒకే గోడను పంచుకొన్నాయి. ఆ ఊరిలో మరణించిన వారిలో ఎందరి పేర్లో ఏ కాగితంలోనూ చేరలేదు. వారు ఉన్నారనీ పోయారనీ చెప్పడానికి, గోరుతో గీసినా గీతపడే ఆ రాయి ఆరున్నర శతాబ్దాలుగా నిలిచి ఉన్నది.