తీసివేసిన కంతియే సాక్షి

కాలేయములో తయారగు పైత్యరసమును చిన్నప్రేవులోనికి చేర్చు గొట్టములే పైత్యరసనాళములు. వీనికి కాన్సరు సోకినపుడు, వీలున్నచో ఆ భాగమును కోసివేయుటయే ముఖ్యమైన చికిత్స. కాని కంటికి కనిపించని కణములు కొన్ని మిగిలి, వ్యాధి మరల తలయెత్తుట పరిపాటి. అందుచే శస్త్రచికిత్స పిమ్మట మందులు ఇత్తురు. ఇచ్చటనే ఒక చిక్కు కలదు. కంతి శరీరములో నున్నపుడు దానిని కొలిచి, మందు పనిచేయుచున్నదో లేదో తెలిసికొనవచ్చును. కంతిని తీసివేసిన తరువాత కొలుచుటకు ఏమున్నది? మందు వృథా అయినచో, ఆ సంగతి వ్యాధి తిరిగి వచ్చినపుడే తెలియును.

పైత్యరసనాళ, పిత్తాశయ కాన్సరులకు శస్త్రచికిత్స పొందిన 447 మందిపై బ్రిటనులో జరిగిన పరీక్షాఫలితములు 2019లో వెలువడినవి. కాపెసిటబీన్ అను మందు పుచ్చుకొన్న వర్గములో సగముమంది 51 నెలలకు పైగా జీవించిరి. పుచ్చుకొనని వర్గములో ఇది 36 నెలలే. అయినను ఈ తేడా యాదృచ్ఛికము కావచ్చునను శంక గణితరీత్యా పూర్తిగా తొలగలేదు. పైగా ఇది సమూహమునకు సంబంధించిన లెక్క. ఎదుట కూర్చున్న ఒక రోగికి ఆ మందు పనిచేయునా?

తీసివేసిన కంతినే బ్రతికించి అడిగినచో? ఈ ఆలోచనకు పునాదులు పాతవే. 1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్పపిండపు నాడీకణజాలమును శరీరము వెలుపల బ్రతికించెను. అదే సంవత్సరమున హెచ్. వి. విల్సన్ ఒక స్పంజిని సన్నని పట్టుగుడ్డగుండా పిండి, విడిపోయిన కణములు మరల కూడి స్పంజిగా రూపొందుటను చూపెను.

1977లో ఆరిజోనా విశ్వవిద్యాలయమున ఆన్ హాంబర్గర్, సిడ్నీ సాల్మన్ రోగుల కంతులలోని కణములను మెత్తని అగారులో పెంచిరి. వానిపై మందులను పరీక్షించి, రోగికి తగిన దానిని ఎన్నుకొనవచ్చునని వైద్యలోకము ఆశపడెను. కాని చాలా కంతులు అగారులో పెరుగనే లేదు. పనికిరాని మందును చెప్పినంత నమ్మకముగా, పనికివచ్చు మందును ఆ పరీక్ష చెప్పలేకపోయెను. ఆశ సన్నగిల్లెను.

2009లో నెదర్లాండ్సులోని ఉట్రెక్ట్ నగరమున హాన్స్ క్లెవర్స్ ప్రయోగశాలలో తోషిరో సాతో, చిట్టెలుక ప్రేవులోని ఒక్క మూలకణమును ప్రొటీనుల జిగటపదార్థములో నుంచి, పెరుగుదలకు వలయు పదార్థములను అందించెను. అది ప్రేవుగోడను పోలిన సూక్ష్మరూపముగా ఎదిగెను. ఇట్టి రూపమునకే ఆర్గనాయిడ్ అని పేరు. 2017లో కేంబ్రిడ్జిలో మెరిట్చెల్ హుక్ బృందము పైత్యరసనాళ కాన్సరు రోగుల కంతులనుండియు వీనిని పెంచెను. అవి మూలకంతి లక్షణములను నిలుపుకొనెను. 2018లో లండను శాస్త్రజ్ఞులు, వ్యాపించిన జీర్ణమండల కాన్సరులు గల కొద్దిమంది రోగులలో పోల్చి చూచిరి. ఆర్గనాయిడ్ లొంగని మందు ఏ రోగికిని పనిచేయలేదు. లొంగిన మందు నూటికి 88 పాళ్లు పనిచేసెను.

అయినను తొందరపడరాదు. ఆర్గనాయిడ్ పెరుగుటకు వారములు పట్టును. శస్త్రచికిత్స పిమ్మట మందు మొదలిడుటకు గల గడువును వారములలోనిదే. అన్ని కంతులును పెరుగవు. రక్తనాళములు, శరీరరక్షక కణములు ఇందులో ఉండవు. అన్నిటికంటె ముఖ్యముగా, ఈ సాక్షి మాట విని మందిచ్చిన రోగులు ఎక్కువకాలము జీవించుదురని పెద్ద పరీక్షలలో రుజువు కావలెను. 1977నాటి ఆశాభంగము నేర్పిన పాఠమిదియే: సాక్షి మాట్లాడుట చాలదు, అతని మాట నిజమని తేలవలెను.