అమర రాజా సంస్థలో నాయకత్వ మార్పు

అమర రాజా అనునది తిరుపతి సమీపంలోని కరకంబాడిలో పుట్టి పెరిగిన పారిశ్రామిక సంస్థల సమూహం. బ్యాటరీల తయారీ దీని ప్రధాన వ్యాపారం. అమరాన్ పేరుతో అమ్ముడయ్యే వాహన బ్యాటరీలు ఈ సంస్థవే. స్థాపకుడు గల్లా రామచంద్ర నాయుడు 2021లో అధ్యక్ష బాధ్యతల నుండి తప్పుకోగా, ఆయన కుమారుడు గల్లా జయదేవ్ ఆ స్థానంలోకి వచ్చారు. సాంకేతిక పరిజ్ఞానంపై ఆధారపడిన ఒక సంస్థ, దానిని ఊహించి నిర్మించిన వ్యక్తి పక్కకు తప్పుకున్న తరువాత కూడా వర్ధిల్లగలదా అన్న ప్రశ్నకు రాయలసీమలో కనిపించే ముఖ్యమైన ఉదాహరణ ఇది. బ్యాటరీల పరిశ్రమ సీసం నుండి లిథియం వైపు మళ్ళుతున్న కాలంలోనే ఈ మార్పు జరగడం వలన దీనికి మరింత ప్రాధాన్యం ఏర్పడింది.

నేపథ్యం

ఉమ్మడి చిత్తూరు జిల్లా ప్రధానంగా వ్యవసాయంపై ఆధారపడిన ప్రాంతం. వేరుశనగ, చెరకు, మామిడి ఇక్కడి ముఖ్య పంటలు. బెల్లం తయారీ, పాడి పరిశ్రమ అనేక కుటుంబాలకు ఆధారం. జిల్లా తూర్పు భాగంలోని నగరి, పుత్తూరు ప్రాంతాలలో మరమగ్గాల నేత జీవనాధారం. వర్షాభావం వలన పంటలు తరచు దెబ్బతినడంతో, చదువుకున్న యువకులు ఉద్యోగాల కోసం మద్రాసుకో బెంగుళూరుకో వెళ్ళడం పరిపాటి. ఈ పరిస్థితిలో గ్రామీణ యువతకు స్థానికంగానే పారిశ్రామిక ఉపాధి కల్పించాలన్నది అమర రాజా స్థాపన వెనుక ఉన్న ఆశయం.

రామచంద్ర నాయుడు స్వగ్రామం పూతలపట్టు మండలంలోని పేటమిట్ట. ఆయన తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, తరువాత రూర్కీలోనూ, అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ ఉన్నత విద్య అభ్యసించారు. అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి, 1980ల మధ్యలో స్వదేశానికి తిరిగి వచ్చారు. ఆయన భార్య గల్లా అరుణకుమారి తవణంపల్లె మండలంలోని దిగువమాఘం గ్రామానికి చెందినవారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మంత్రిగా పనిచేశారు. ఆమె తండ్రి పాటూరు రాజగోపాలనాయుడు చిత్తూరు లోక్‌సభ సభ్యునిగా పనిచేసిన రైతు నాయకుడు.

సంస్థ ఆవిర్భావం

అమర రాజా సంస్థ 1985లో ఏర్పడింది. తొలి దశలో విద్యుత్ సరఫరాకు సంబంధించిన పరికరాలపై దృష్టి పెట్టి, 1990ల ఆరంభంలో పారిశ్రామిక బ్యాటరీల తయారీలోకి ప్రవేశించింది. ఇందుకు అవసరమైన పరిజ్ఞానాన్ని అమెరికాకు చెందిన జీఎన్‌బీ సంస్థ నుండి పొందింది.

అప్పటివరకు దేశంలో వాడుకలో ఉన్న సీసం-ఆమ్లం బ్యాటరీలలో నీరు ఆవిరై తగ్గిపోయేది. కనుక తరచు మూతలు తీసి శుద్ధజలం పోయవలసి వచ్చేది. అమర రాజా చేపట్టిన వీఆర్ఎల్ఏ రకంలో ఆమ్లం పలకల మధ్యనున్న గాజునార పొరలో ఇంకి ఉంటుంది. ఛార్జి అయ్యేటప్పుడు ధన పలక వద్ద పుట్టిన ఆక్సిజన్ ఋణ పలకను చేరి తిరిగి నీరుగా మారుతుంది. లోపలి ఒత్తిడి హద్దు దాటినప్పుడు మాత్రమే కవాటం తెరుచుకుంటుంది. మనిషి పర్యవేక్షణ అంతగా లేని టెలిఫోను కేంద్రాలకు, రైల్వే సిగ్నళ్ళకు ఈ రకం ఎంతో అనువైనది. 1990లలో టెలిఫోన్ల విస్తరణ వేగం పుంజుకోవడం సంస్థ ఎదుగుదలకు తోడ్పడింది.

స్థాపకుని దూరదృష్టి ఏమిటో ఇక్కడ గమనించవచ్చు. బ్యాటరీ కొత్త వస్తువు కాదు. ఆ పరిజ్ఞానం కూడా ఆయన కనుగొన్నది కాదు. దేశానికి రాబోయే అవసరాన్ని ముందుగా గుర్తించి, తగిన పరిజ్ఞానాన్ని తెచ్చి, పరిశ్రమల అనుభవం లేని గ్రామీణ యువకులకు శిక్షణ ఇచ్చి తయారు చేయించడం ఆయన కృషి.

భాగస్వామ్యం, అమరాన్

1997లో అమెరికాకు చెందిన జాన్సన్ కంట్రోల్స్ సంస్థతో భాగస్వామ్యం కుదిరింది. గల్లా కుటుంబానికి, జాన్సన్ కంట్రోల్స్‌కు అమర రాజా బ్యాటరీస్‌లో చెరి 26 శాతం వాటా ఉండేది. 2000లో అమరాన్ వాహన బ్యాటరీ విపణిలోకి వచ్చింది. అప్పటికి ఈ రంగంలో ఎక్సైడ్ సంస్థదే ఆధిపత్యం. నిర్వహణ అవసరం తక్కువగా ఉండడం, ఎక్కువ కాలం వారంటీ ఇవ్వడం, ఆకుపచ్చ రంగు పెట్టె, ఊరూరా ఏర్పరచిన విక్రేతల వ్యవస్థ అమరాన్‌కు గుర్తింపు తెచ్చాయి. కొన్నేళ్ళలోనే అమర రాజా దేశంలో రెండవ పెద్ద బ్యాటరీ తయారీ సంస్థగా ఎదిగింది.

జాన్సన్ కంట్రోల్స్ తన బ్యాటరీ వ్యాపారాన్ని అమ్మివేయడంతో 2019 ఏప్రిల్‌లో ఈ భాగస్వామ్య ఒప్పందం ముగిసింది. ఆ వాటా క్లారియోస్ సంస్థ చేతికి వెళ్ళింది. క్లారియోస్ కూడా 2021లో కొంత, 2023లో మిగిలినది అమ్మివేసింది. ఈ విధంగా స్థాపకుడు తప్పుకునే నాటికే సంస్థ తన ముఖ్య సాంకేతిక భాగస్వామిని కూడా కోల్పోయి ఉంది.

బాధ్యతల బదిలీ

2021 జూన్‌లో రామచంద్ర నాయుడు పదవీ విరమణ నిర్ణయాన్ని ప్రకటించారు. ఆగస్టులో జయదేవ్ అధ్యక్ష బాధ్యతలు స్వీకరించారు. రామచంద్ర నాయుడు కుమార్తె గౌరినేని రమాదేవి కుమారులైన హర్షవర్ధన, విక్రమాదిత్య కార్యనిర్వాహక డైరెక్టర్లుగా నియమితులయ్యారు. హర్షవర్ధనకు సీసం బ్యాటరీల విభాగం, విక్రమాదిత్యకు కొత్త ఇంధన విభాగం అప్పగించబడ్డాయి. ఈ విధంగా ఒకేసారి రెండవ తరం, మూడవ తరం ముందుకు వచ్చాయి.

ఈ బదిలీ ఆకస్మికంగా జరిగినది కాదు. జయదేవ్ అమెరికాలో చదువుకొని, కొంతకాలం జీఎన్‌బీలో పనిచేసి, 1990లలోనే తండ్రి సంస్థలో చేరారు. అమరాన్ రూపుదిద్దుకోవడంలో ఆయన పాత్ర ప్రధానమైనది. 2021కి ఎంతో ముందు నుండే ఆయన వైస్ ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్ హోదాలలో నిర్వహణ బాధ్యత చూస్తున్నారు. 2014, 2019 ఎన్నికలలో గుంటూరు నుండి లోక్‌సభకు ఎన్నికైన ఆయన, 2024 జనవరిలో రాజకీయాల నుండి విరమిస్తున్నట్లు ప్రకటించారు.

మార్పు కాలంలో ఎదురైన చిక్కులు

చిత్తూరు జిల్లా నూనెగుండ్లపల్లె వద్ద పారిశ్రామిక సముదాయం కోసం గతంలో కేటాయించిన సుమారు 483 ఎకరాలలో 253 ఎకరాలను వెనక్కు తీసుకుంటూ రాష్ట్ర ప్రభుత్వం 2020 జూన్‌లో ఉత్తర్వు జారీ చేసింది. భూమిని వినియోగించలేదన్నది ప్రభుత్వ వాదన. సంస్థ హైకోర్టును ఆశ్రయించగా ఉత్తర్వు అమలుపై స్టే లభించింది.

2021 ఏప్రిల్ 30న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కరకంబాడి, నూనెగుండ్లపల్లె కర్మాగారాలను మూసివేయాలని ఆదేశించింది. సీసం కాలుష్యం, కార్మికుల ఆరోగ్యం ఇందుకు కారణాలుగా చూపబడ్డాయి. నిబంధనలు పాటిస్తున్నామని సంస్థ వాదించింది. మే నెలలో హైకోర్టు మూసివేత ఉత్తర్వును నిలిపివేసింది. అప్పటికి జయదేవ్ ప్రతిపక్ష తెలుగుదేశం పార్టీ లోక్‌సభ సభ్యుడు కావడం వలన ఈ వివాదానికి రాజకీయ రంగు కూడా వచ్చింది. రాజకీయాల మాట ఎలా ఉన్నా, సీసం విషపూరితమైన లోహమనీ, కార్మికుల రక్తంలో దాని మోతాదును క్రమం తప్పక పరీక్షించవలసి ఉంటుందనీ మరువరాదు. 2023 జనవరి 30న నూనెగుండ్లపల్లెలోని ట్యూబులర్ బ్యాటరీల కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగింది.

ఇన్ని చిక్కుల మధ్య కూడా వ్యాపారం కుంటుపడలేదు. 2020-21లో సుమారు 7,150 కోట్ల రూపాయలుగా ఉన్న బ్యాటరీ సంస్థ ఆదాయం 2022-23లో 10 వేల కోట్లు, 2023-24లో 11 వేల కోట్లు దాటింది. అయితే ఈ పెరుగుదల అత్యధికంగా సీసం బ్యాటరీల నుండి, అంటే స్థాపకుని కాలంలో వేసిన పునాది నుండి వచ్చినదే.

సీసం నుండి లిథియం వైపు

విద్యుత్ వాహనాలను నడిపించేది ప్రధానంగా లిథియం అయాన్ బ్యాటరీ. టెలిఫోను టవర్లలోనూ సీసం స్థానంలో లిథియం ప్రవేశించింది. ఈ రెండు పరిజ్ఞానాల మధ్య పోలిక తక్కువ. సీసం బ్యాటరీలో లోహాన్ని కరిగించి పోత పోయడం ప్రధానమైతే, లిథియం సెల్‌లో పలుచని రాగి, అల్యూమినియం రేకులపై రసాయనపు పూతను అతి సూక్ష్మమైన కొలతలతో పూయవలసి ఉంటుంది. గాలిలోని తేమ కూడా చేరని గదులలో సెల్‌ను అమర్చాలి. కనుక కరకంబాడిలో మూడు దశాబ్దాలుగా కూడబెట్టిన నేర్పులో కొద్ది భాగమే ఇక్కడ పనికివస్తుంది.

2022 డిసెంబరులో సంస్థ తెలంగాణ ప్రభుత్వంతో అవగాహన ఒప్పందం చేసుకుంది. పదేళ్ళలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడితో, మహబూబ్‌నగర్ సమీపంలోని దివిటిపల్లి వద్ద 16 గిగావాట్ అవర్ల సెల్‌లు, 5 గిగావాట్ అవర్ల బ్యాటరీ ప్యాక్‌లు తయారుచేసే సామర్థ్యం నెలకొల్పడం దాని లక్ష్యం. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది సెప్టెంబరులో అమర రాజా బ్యాటరీస్ పేరు అమర రాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మారింది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌ల పరిజ్ఞానం కోసం 2024 జూన్‌లో గోషన్ సమూహానికి చెందిన సంస్థతో లైసెన్సు ఒప్పందం కుదిరింది. పరిజ్ఞానాన్ని బయటి నుండి తెచ్చుకొని ఇక్కడ స్థిరపరచడం జీఎన్‌బీ కాలం నాటి పద్ధతే.

కొత్త కర్మాగారం సొంత జిల్లాలో కాక మరో రాష్ట్రంలో ఏర్పడడం ఆంధ్రప్రదేశ్‌లో విస్తృతంగా చర్చకు వచ్చింది. పాత కర్మాగారాలు తిరుపతి, చిత్తూరు జిల్లాలలోనే కొనసాగుతున్నాయి. కానీ భవిష్యత్తు లిథియానిదే అయితే, కొత్త ఉద్యోగాలు, కొత్త నేర్పు పేటమిట్ట, కరకంబాడి పరిసరాలకు కాక దివిటిపల్లికి చేరతాయి. సంస్థ వర్ధిల్లడం, స్థాపకుడు సంస్థను ఎవరి కోసం పెట్టారో వారు వర్ధిల్లడం ఒకటేనా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది.

ఇతర సంస్థలతో పోలిక

సత్యం కంప్యూటర్ సర్వీసెస్: హైదరాబాదులో 1987లో బి. రామలింగరాజు స్థాపించిన సంస్థ. లెక్కలలో మోసం జరిగినట్లు ఆయన 2009 జనవరి 7న స్వయంగా అంగీకరించి వైదొలగారు. కేంద్ర ప్రభుత్వం కొత్త డైరెక్టర్లను నియమించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఈ సంస్థను గెలుచుకుంది. 2013 జూన్‌లో అందులో విలీనమైంది. ఇంజనీర్ల నేర్పు, ఖాతాదారుల పని నిలిచాయి కానీ సంస్థ పేరు నిలవలేదు.

డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్: స్థాపకుడు, శాస్త్రవేత్త కల్లం అంజిరెడ్డి 2013 మార్చి 15న మరణించారు. అప్పటికే కుమారుడు సతీష్ రెడ్డి, అల్లుడు జి. వి. ప్రసాద్ ఏళ్ళ తరబడి నిర్వహణలో ఉండడం వలన సంస్థ ఒడిదుడుకులు లేకుండా కొనసాగింది.

యాపిల్: స్టీవ్ జాబ్స్ 1985లో సంస్థను వీడిన తరువాత అది క్రమంగా బలహీనపడింది. ఆయన 1997లో తిరిగి వచ్చారు. 2011లో ఆయన మరణించినప్పుడు మాత్రం అలా జరగలేదు. 1998 నుండి సంస్థలో ఉన్న టిమ్ కుక్ అప్పటికే సరఫరా, తయారీ వ్యవస్థలను స్థిరపరచి ఉన్నారు. 2018 ఆగస్టులో యాపిల్ విలువ లక్ష కోట్ల డాలర్లకు చేరింది.

వాంగ్ ల్యాబొరేటరీస్: వర్డ్ ప్రాసెసర్ యంత్రాలతో పేరుపొందిన ఈ అమెరికా సంస్థలో స్థాపకుడు ఆన్ వాంగ్ 1986లో కుమారుని అధ్యక్షుని చేశారు. పర్సనల్ కంప్యూటర్ల రాకతో సంస్థ సరుకుకు గిరాకీ పడిపోయింది. 1989లో కుమారుడు తప్పుకోవలసి వచ్చింది. 1990లో వాంగ్ మరణించారు. 1992లో సంస్థ దివాలా తీసింది.

అంచనా

పై ఉదాహరణలను పరిశీలిస్తే, స్థాపకుడు లేకపోవడం కంటే ఆయన ఎలా వెళ్ళారన్నది, ఆ సమయంలో పరిజ్ఞానం మారుతున్నదా లేదా అన్నది ఎక్కువ ప్రభావం చూపినట్లు కనిపిస్తుంది. సత్యంలో స్థాపకుడు నమ్మకాన్ని కూడా తనతో తీసుకుపోయారు. డాక్టర్ రెడ్డీస్‌లోనూ, 2011 నాటి యాపిల్‌లోనూ వారసులు ముందే పనిలో ఆరితేరి ఉన్నారు. వాంగ్‌లో వారసుడు ముందే ఉన్నప్పటికీ, సరుకు కాలం చెల్లిపోవడం సంస్థను ముంచింది.

అమర రాజా మొదటి పరీక్షలో నెగ్గింది. బాధ్యతల బదిలీ సాఫీగా జరిగింది, అమ్మకాలు పెరిగాయి. దివిటిపల్లిలో తయారయ్యే సెల్ నాణ్యతలోనూ ధరలోనూ దిగుమతి సరుకుతో పోటీపడి నిలవడం రెండవ పరీక్ష. సీసం బ్యాటరీల లాభం ఆ పనికి పెట్టుబడిగా ఉపయోగపడుతున్నది కనుక సంస్థకు కొంత వ్యవధి ఉన్నది. స్థాపకుడు వారసులకు ఇచ్చిన వాటిలో అత్యంత విలువైనది ఆ వ్యవధియే అని చెప్పవచ్చు. అయితే అది తరగని నిధి కాదు. సీసానికి గిరాకీ తగ్గేలోగా లిథియంలో పట్టు సాధించడంపైనే సంస్థ భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

గల్లా రామచంద్ర నాయుడు
గల్లా జయదేవ్
పాటూరు రాజగోపాలనాయుడు
సత్యం కంప్యూటర్ సర్వీసెస్
చిత్తూరు జిల్లా
తిరుపతి జిల్లా