అయిదుగురు సైంధవులు

మన భాషలో ఎవరైనా ఒక పనికి ఆటంకం కలిగిస్తే 'సైంధవుడిలా అడ్డుపడ్డాడు' అంటాము. అది తిట్టే గాని మెప్పు కాదు. అభిమన్యుడు పద్మవ్యూహంలో దూరిన నాడు వెనుక వస్తున్న నలుగురు పాండవులను ఒక్కడే నిలిపివేసిన జయద్రథునికి లోకం కట్టబెట్టిన కీర్తి అది. అడ్డుపడడమే వృత్తిగా, ఆ వృత్తిలో నేర్పునే గౌరవంగా భావించి బ్రతికిన మనుషులున్న ఆట ఒకటి ఉన్నది. అది అమెరికా వారి ఫుట్‌బాల్. బంతి పట్టుకొని పరుగెత్తిన వీరుల చరిత్ర అందరూ వ్రాస్తారు. వారికి దారి తీసినవారి సంగతి నాలుగు మాటలు చెప్పాలని ఈ టపా.

మూడు దశాబ్దాలు ఛందస్సూ వ్యాకరణమూ చెప్పిన పంతులుకు ఈ ఆటతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంట ఒక చలికాలం గడిపినప్పుడు అల్లుడిగారి చలవతో అంటుకున్న ఆసక్తి ఇది. ఆటను గూర్చి కన్నా అందులోని ఒక ఉపాధ్యాయుణ్ణి గూర్చి అనడం సబబేమో.

తెలియనివారి కోసం ముందుగా కొంత వివరణ. జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో 10 గజాలు ముందుకు సాగాలి. సాగితే మరల నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. బంతికి ముందు వరుసలో అయిదుగురు నిలుస్తారు. నడుమ సెంటర్, అతనికి ఇరువైపులా గార్డ్‌లు, వారి ప్రక్కన టాకిల్‌లు. సాధారణంగా వీరు బంతిని ముట్టరు, ఒక్క సెంటర్ దానిని కాళ్ళ సందుగా వెనుకకు అందించడం తప్ప. ఎదుటివారిని నెట్టాలి, కాని పట్టుకోకూడదు. పరుగెత్తినవాడికి గజాల లెక్క ఉంటుంది, విసిరినవాడికీ ఉంటుంది. వీరికి అటువంటి లెక్క ఏదీ లేదు. తప్పు చేసి శిక్ష పడినప్పుడు మాత్రం న్యాయనిర్ణేత వీరి చొక్కా మీది అంకెను మైకులో చదివి వినిపిస్తాడు!

ఇక కథకు వస్తాను. విన్స్ లొంబార్డి ఫోర్డం విశ్వవిద్యాలయంలో గార్డ్‌గా ఆడినవాడు. 1936లో ఆ జట్టు ముందు వరుసను పత్రికలవారు 'ఏడు నల్లరాతి దిమ్మెలు' అని పిలిచేవారు. అందులో ఈయన ఒక దిమ్మె. చదువు ముగిశాక న్యూజెర్సీలోని సెయింట్ సిసిలియా ఉన్నత పాఠశాలలో లాటిన్, రసాయన, భౌతిక శాస్త్రాలు బోధిస్తూ ఆట నేర్పాడు. 1959లో గ్రీన్ బే అనే చిన్న ఊరి జట్టు పేకర్స్‌కు శిక్షకుడుగా వచ్చాడు. అంతకు ముందటి ఏడు ఆ జట్టు గెలిచింది ఒకే ఒక్క ఆట. ఓడినవి 10, సమమైనది 1.

వచ్చిన రోజుల్లోనే ఆయన నేర్పిన పాఠం ఒకటే: స్వీప్. పాత కాలపు సింగిల్ వింగ్ వ్యూహంనుండి తీసుకొని తనదిగా మలచుకున్న పరుగు అది. బంతి కదలగానే గార్డ్‌లిద్దరూ తమ చోటు వదలి, వెనుకకు అడుగు వేసి, వరుసకు సమాంతరంగా కుడి వైపునకు పరుగెత్తాలి. కుడి గార్డ్ జెరీ క్రేమర్ ముందు, ఎడమ గార్డ్ ఫజ్జీ థర్స్టన్ వెనుక. క్రేమర్ ఖాళీ చేసిన చోటులోనికి ప్రత్యర్థి దూకకుండా సెంటర్ జిమ్ రింగో అడ్డుకోవాలి. అన్నింటిలోకి కష్టమైన పని అదే. ప్రత్యర్థి వరుస చివరివానిని జిమ్ టేలర్ పడగొట్టాలి. అంచున నిలిచిన రాన్ క్రేమర్ తన ఎదుటివాడు ఎటు పోదలిస్తే అటే నెట్టుకుపోవాలి. అతడు బయటకు నెట్టబడితే గార్డ్‌లు లోపలికి తిరుగుతారు, లోపలికైతే బయటకు. వెనుక బంతితో వస్తున్న పాల్ హార్నంగ్ తెరుచుకున్న సందులో పరుగెడతాడు.

చూశారా, ఇందులో దారి ముందుగా నిర్ణయింపబడలేదు. ఎదుటివాడి కదలికను బట్టి ఇది మారుతుంది, మన సంధికార్యంలో పరమందున్న అక్షరాన్ని బట్టి పూర్వాక్షరం మారినట్లు. అందువలననే ప్రత్యర్థులకు స్వీప్ వస్తున్నదని ముందే తెలిసినా ఆపలేకపోయారు. లొంబార్డి ఈ ఒక్క పరుగును గూర్చి శిక్షకుల సభలో ఎనిమిది గంటలు ఉపన్యసించాడని, తరువాతి కాలంలో తానూ గొప్ప శిక్షకుడైన జాన్ మాడెన్ చెప్పేవాడు. అప్పటికి యువకుడైన మాడెన్ ఆ శ్రోతలలో ఒకడు. ఒకే పద్యాన్ని వారం రోజులు చెప్పిన మా గురువులు నాకు గుర్తుకు వచ్చారు.

ఫలితం త్వరలోనే కనిపించింది. 1961, 1962, 1965, 1966, 1967 సంవత్సరాలలో పేకర్స్ విజేతలు. 1962లో టేలర్ 1,474 గజాలు పరుగెత్తి లీగులో ప్రథముడైనాడు. ఆ ఏటి చివరి ఆటలో, న్యూయార్క్‌లో ఈదురుగాలి వీస్తుండగా, గార్డ్ క్రేమరే మూడుసార్లు బంతిని గోలు కమ్మీల మధ్యగా తన్ని 9 పాయింట్లు తెచ్చాడు. జట్టు 16-7తో గెలిచింది.

క్రేమర్ పేరు నిలిచింది మాత్రం 1967 డిసెంబరు 31న. గ్రీన్ బేలో ఆ నాటి చలి సున్నాకు దిగువన 25 డిగ్రీల సెల్సియస్. మైదానం క్రింద వేడి కోసం అమర్చిన విద్యుత్తీగలు పనిచేయక నేల మంచుగడ్డ అయింది. డాలస్ జట్టు 17-14తో ముందున్నది. ఇంకా 16 సెకన్లు, గీతకు గజంలోపు దూరం. బంతిని తన్ని ఆటను సమం చేయవచ్చు. బార్ట్ స్టార్ తానే బంతి పట్టుకొని క్రేమర్ వెనుక దూరాడు. క్రేమర్ తక్కువ ఎత్తులో దూకి జెత్రో ప్యూ అనే భారీకాయుణ్ణి వెనుకకు తోశాడు. ఆట 21-17. టెలివిజన్ ఆ దృశ్యాన్ని మరల మరల చూపింది. ఒక గార్డ్ చేసిన పనిని దేశమంతా చూడడం అరుదైన సంగతి. ఆ ఏడంతా క్రేమర్ చెప్పుకున్న దినచర్య మరుసటి ఏడు 'ఇన్‌స్టంట్ రీప్లే' పేరుతో పుస్తకమై విశేషంగా అమ్ముడుపోయింది.

కాని అదే క్షణంలో ప్యూ మీద పడినవాడు మరొకడున్నాడు: సెంటర్ కెన్ బౌమన్. ఆ నెట్టుడు ఇద్దరిదీ. థర్స్టన్ అప్పటికే గేల్ గిల్లింగాం అనే యువకునికి తన స్థానం ఇచ్చి ప్రక్కన కూర్చున్నాడు. అజ్ఞాతంగా శ్రమించేవారిలోనూ ఒకరికి వెలుగు, మరొకరికి చీకటి.

1969లో లీగు తన 50 ఏళ్ల ఉత్తమ జట్టును ప్రకటించినప్పుడు గార్డ్‌గా క్రేమర్ పేరున్నది. అయినా ఒహాయోలోని కాంటన్ కీర్తిమందిరంలో చోటు దొరకలేదు. టేలర్ 1976లో, టాకిల్ ఫారెస్ట్ గ్రెగ్ 1977లో, రింగో 1981లో, హార్నంగ్ 1986లో ప్రవేశించారు. క్రేమర్‌కు 2018లో, ఆట మానిన 50 ఏళ్లకు పిలుపు వచ్చింది. ఎడమ టాకిల్ బాబ్ స్కొరాన్‌స్కీ, థర్స్టన్ ఆ పిలుపు రాకుండానే కాలం చేశారు. గజాల లెక్క ఉన్నవాడికి అంకెలే సాక్ష్యం చెబుతాయి. లేనివాడికి చూసిన మనుషులే సాక్షులు. వారు ఒక్కొక్కరే తరలిపోతుంటే నిరీక్షణ మరింత బరువవుతుంది.

ఈ ఋణాన్ని గుర్తించిన సందర్భాలు లేకపోలేదు. 1973లో బఫెలో జట్టు ఓ.జె. సింప్సన్ 14 ఆటలలో 2,003 గజాలు పరుగెత్తి, 2,000 దాటిన మొదటివాడైనాడు. ఆ మనిషి తరువాతి జీవితం ఏమైనా కావచ్చు గాని, ఆ నాడు విలేఖరుల ముందుకు తన ముందు వరుసవారిని వెంటబెట్టుకొని వచ్చాడు. 1982లో వాషింగ్టన్ జట్టు ముందు వరుసకు శిక్షకుడు జో బ్యూగెల్ 'పందులు' అని ముద్దుపేరు పెడితే, వారు దానిని బిరుదుగా ధరించారు. 1983 జనవరి 30న సూపర్ బౌల్‌లో వారి వెనుక జాన్ రిగిన్స్ 38 పరుగులలో 166 గజాలు సాధించాడు.

వెల సంగతి చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. పిట్స్‌బర్గ్ జట్టు సెంటర్ మైక్ వెబ్‌స్టర్ 1974లో లీగులో అడుగుపెట్టి 17 ఏళ్లు ఆడాడు, 1997లో కీర్తిమందిరం చేరాడు. 2002లో 50 ఏళ్లకే, మతి చెదరి, దుర్దశలో మరణించాడు. ఆయన మెదడును పరీక్షించిన డాక్టర్ బెనెట్ ఒమాలు, పదే పదే తగిలిన దెబ్బల వలన కలిగిన వ్యాధిని కనుగొని 2005లో ప్రకటించాడు. పరుగెత్తేవాడికి దెబ్బ అప్పుడప్పుడు. ముందు వరుసవాడికి దాదాపు ప్రతి ఎత్తులోనూ తలకు తల తగులుతుంది. ఆ దెబ్బలనూ ఎవరూ లెక్కపెట్టలేదు.

భారతంలో జయద్రథునికి వరం ఒక్క దినానికే. వీరికి అటువంటి వరం కూడా లేదు, అభ్యాసం తప్ప. ఇకమీదట ఆ ఆట చూసే మిత్రులు ఒక్క ఎత్తులోనైనా బంతిని విడిచి గార్డ్‌ను చూడవలసిందిగా మనవి. గార్డ్‌లు ఇలా చోటు వదలి ప్రక్కకు పరుగెత్తి దారి తీయడాన్ని ఒక్క తెలుగు మాటలో ఏమనవచ్చునో నాకు ఇంకా తోచలేదు. తోచినవారు వ్యాఖ్యలో తెలుపగలరు.