పర్మాకల్చర్: ఒక అభ్యసన చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• పర్మాకల్చర్ భావన ఏ పరిస్థితుల్లో రూపొందిందో వివరించగలుగుతారు.
• దానికి ముందున్న సేద్య జ్ఞానంతో దాని సంబంధాన్ని గుర్తించగలుగుతారు.
• జహీరాబాద్ ప్రాంత అనుభవం ఆధారంగా దాని ప్రయోజనాలను, పరిమితులను చర్చించగలుగుతారు.

1. పరిచయం

పర్మాకల్చర్ అంటే శాశ్వత సేద్యం. 1970లలో ఇద్దరు ఆస్ట్రేలియన్లు దీన్ని కనిపెట్టారని సాధారణంగా చెబుతారు. అయితే అందులోని పద్ధతులను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే కొత్తవి తక్కువే. వాలుకు అడ్డంగా గట్టు వేయడం, నేలను ఆకులతో కప్పి ఉంచడం, ఒకే చేనులో పలు పంటలు కలిపి వేయడం రైతులకు ఎప్పటినుంచో తెలుసు. మరి కొత్తది ఏమిటి? చెల్లాచెదురుగా ఉన్న జ్ఞానాన్ని ఒక క్రమంలో అమర్చడం, దాన్ని ఇతరులకు నేర్పగలిగే పాఠంగా మార్చడం. అందువల్ల పర్మాకల్చర్ చరిత్రను వ్యవసాయ చరిత్రగానే కాక విద్యా చరిత్రగా కూడా చదవాలి. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు, గురువు అన్న పేరు ఎవరికి దక్కింది అన్నవి ఈ భాగంలోని ప్రధాన ప్రశ్నలు.

2. పూర్వరంగం

అమెరికన్ నేల శాస్త్రజ్ఞుడు ఎఫ్.హెచ్. కింగ్ 1909లో చైనా, కొరియా, జపాన్ దేశాల్లో పర్యటించాడు. శతాబ్దాలుగా సాగవుతున్న పొలాలు సారం కోల్పోకపోవడం ఆయనను ఆశ్చర్యపరిచింది. పంట వ్యర్థాలు, మలమూత్రాలు, కాలువల బురద తిరిగి నేలకే చేరడం ఇందుకు కారణమని గమనించాడు. ఆయన పరిశీలనలు 1911లో పుస్తకంగా వచ్చాయి. మరో అమెరికన్ జె. రస్సెల్ స్మిత్ 1929లో వెలువడిన తన గ్రంథంలో, కొండవాలులను దున్నితే మట్టి కొట్టుకుపోతుందనీ, అక్కడ ఆహారమిచ్చే చెట్లు పెంచాలనీ వాదించాడు. ఆ గ్రంథం ఉపశీర్షికలోనే 'శాశ్వత వ్యవసాయం' అన్న మాట ఉంది.

భారతదేశానికి సంబంధించిన ఉదాహరణ ఆల్బర్ట్ హొవార్డ్. 1905లో బీహార్‌లోని పూసా పరిశోధన కేంద్రానికి వచ్చిన ఈ బ్రిటిష్ శాస్త్రవేత్త తరవాత ఇండోర్‌లో పనిచేశాడు. 'ఇండోర్ పద్ధతి'గా పేరుపొందిన కంపోస్టు తయారీ అక్కడే రూపుదిద్దుకుంది. ఈ దేశపు రైతులనూ, పంటలను ఆశించే పురుగులనూ తన గురువులుగా భావించానని ఆయన రాసుకున్నాడు. కాని ఆ పద్ధతి ఆయన పేరుతో, ఒక నగరం పేరుతో ప్రసిద్ధి చెందింది. ఆయనకు నేర్పిన రైతుల పేర్లు చరిత్రకు ఎక్కలేదు.

ఆస్ట్రేలియాలో పి.ఎ. యోమన్స్ 1954లో ప్రచురించిన తన ప్రణాళికలో, పొలం రూపకల్పన నీటి నడకతో మొదలుకావాలని ప్రతిపాదించాడు. ముందు నీరు, తరవాత దారులు, చెట్లు, చివరికి కట్టడాలు, కంచెలు అన్నది ఆయన చూపిన వరుస.

3. టాస్మేనియాలో ఆవిర్భావం

ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపంలో 1972లో జలవిద్యుత్ పథకం కోసం పెడ్డర్ సరస్సును ముంచివేశారు. దీనిపై తీవ్రమైన నిరసన జరిగింది. 1973లో ప్రపంచమంతటా చమురు సంక్షోభం వచ్చింది. చమురుతో నడిచే యంత్రాలు, రసాయనాల మీద ఆధారపడిన సేద్యం ఎంతకాలం నిలుస్తుందన్న సందేహం బలపడింది.

ఈ వాతావరణంలో 1974లో టాస్మేనియా రాజధాని హోబర్ట్‌లో బిల్ మొలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ కలుసుకున్నారు. మొలిసన్ విశ్వవిద్యాలయ బోధకుడు. అంతకుముందు చేపలవేటలో, అడవుల్లో పనిచేసిన అనుభవం ఉంది. హోమ్‌గ్రెన్ పర్యావరణ రూపకల్పన చదువుతున్న విద్యార్థి. వారి ఉమ్మడి గ్రంథం 'పర్మాకల్చర్ వన్' 1978లో వెలువడింది.

అడవికి ఎవరూ ఎరువు వేయరు, నీరు పెట్టరు. అయినా అది నిలబడుతుంది. పెద్ద చెట్టు, చిన్న చెట్టు, పొద, తీగ, గడ్డి ఒకదానికొకటి తోడ్పడతాయి. ఈ అమరికను మనిషికి తిండిపెట్టే పొలంలో సాధించడమే వారి ఆలోచన. నేల సంరక్షణ, మనుషుల సంరక్షణ, మిగులును పంచుకోవడం అన్న మూడు నైతిక సూత్రాలు పర్మాకల్చర్‌కు పునాది అయ్యాయి.

పొలాన్ని వలయాలుగా చూడడం ఇందులో ముఖ్యమైన పద్ధతి. ఇల్లు కేంద్రం. రోజూ కోసుకునే ఆకుకూరలు, కరివేపాకు ఇంటి పక్కన. పండ్ల చెట్లు ఆ తరవాత. పొలం పంటలు ఇంకా దూరాన. మేత, కలప ఆపైన. చివరి వలయం మనిషి జోక్యం లేని అడవి. ఎన్నిసార్లు వెళ్లాల్సి ఉంటుందన్న దాన్ని బట్టి ప్రతిదాని చోటు నిర్ణయమవుతుంది.

4. డెబ్బైరెండు గంటల పాఠం

మొలిసన్ పుస్తకంతో ఆగలేదు. 72 గంటల శిక్షణ రూపొందించాడు. సాధారణంగా రెండు వారాల్లో పూర్తయ్యే ఈ శిక్షణ పొందినవారు తిరిగి ఇతరులకు బోధించేవారు. అందువల్ల ఏ విశ్వవిద్యాలయ ఆమోదం లేకుండానే అది అనేక దేశాలకు వ్యాపించింది. 1988లో మొలిసన్ రాసిన 14 అధ్యాయాల రూపకల్పన గ్రంథం దానికి పాఠ్యప్రణాళిక అయింది.

దీనిపై విమర్శలు కూడా ఉన్నాయి. ఆదివాసుల, చిన్న రైతుల జ్ఞానాన్ని తీసుకుని, రుసుము కట్టగలవారికి ధ్రువపత్రంతో అందిస్తున్నారన్నది వాటిలో ప్రధానమైనది. హొవార్డ్ విషయంలో తలెత్తిన ప్రశ్నే ఇక్కడా ఎదురవుతుంది.

5. దక్కన్‌లో పర్మాకల్చర్

మొలిసన్ 1980లలో భారతదేశానికి వచ్చి శిక్షణ ఇచ్చాడు. అయితే ఆయన రాకముందు తెలుగు నేల మీద రూపకల్పన లేదని కాదు. కాకతీయుల కాలం నాటి రామప్ప, పాకాల వంటి చెరువులు, తెలంగాణ అంతటా ఉన్న గొలుసుకట్టు చెరువులు ఇందుకు సాక్ష్యం. ఎగువ చెరువు నిండి అలుగు పోస్తే ఆ నీరు దిగువ చెరువుకు చేరేది. పూడిక మట్టి పొలాలకు వెళ్లేది. తూములు తెరిచి నీరు వంతులవారీగా వదలడానికి నీరటి ఉండేవాడు. కట్ట ఒక్కటే చెరువును కాపాడలేదు. దాన్ని చూసుకునే ఏర్పాటు కూడా కావాలి. ఆ ఏర్పాటు సడలిన చోట చెరువులు పూడిపోయాయి.

ఉమ్మడి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని సంఘాల్లోని మహిళల్లో ఎక్కువమంది పేద దళితులు. వారు బీడు భూములను బాగుచేశారు. కొన్నిచోట్ల ఉమ్మడిగా కౌలుకు తీసుకుని సాగుచేశారు. జొన్న, కంది, పెసర, మినుము, అనుములు ఒకే చేనులో కలిపి వేశారు. గ్రామాల్లో విత్తన నిధులు ఏర్పరచుకున్నారు. సంస్థ కేంద్రమున్న పస్తాపూర్‌లో పర్మాకల్చర్ క్షేత్రం కూడా ఏర్పడింది. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఇక్కడ బోధన రెండు వైపులా సాగగలదు. మూడు కర్రలను 'ఎ' అక్షరం ఆకారంలో కట్టి, పై కొసనుంచి దారంతో రాయి వేలాడదీస్తే, వాలు మీద ఒకే ఎత్తులో ఉన్న చోట్లను గుర్తించవచ్చు. ఆ గీత వెంట కందకం తవ్వితే వాననీరు పరుగు ఆపి నేలలోకి ఇంకుతుంది. చదువు రానివారు కూడా కొద్దిసేపట్లో దీన్ని నేర్చుకోగలరు. ఏ విత్తనం ఏ కార్తెలో పడాలి, కలుపుగా కనిపించే తుమ్మికూర ఎలా ఆహారమవుతుంది అన్నవి ఆ మహిళలే శిక్షకులకు నేర్పగలరు.

2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశం హైదరాబాద్‌లో, జహీరాబాద్ దగ్గరి బిడకన్నెలో జరిగింది. కొప్పుల నర్సన్న, పద్మ దంపతుల 'అరణ్య' సంస్థ దాన్ని నిర్వహించింది. నేర్చుకోవడానికి వచ్చిన విదేశీయులు ఈసారి దక్కన్ చేలల్లో నడిచారు.

6. మూల్యాంకనం

పర్మాకల్చర్ 'శాశ్వతం' అన్న మాట మీద నిలబడింది. మామిడి, చింత కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. మరుసటి ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలు రైతు చెట్టు ఎందుకు నాటుతాడు? కందకం తవ్విన కూలి ఎవరి ఖాతాలో పడుతుంది? భూమి మీద భద్రమైన హక్కు లేకుండా ఎంత మంచి రూపకల్పన అయినా కాగితం మీదే మిగులుతుంది. జహీరాబాద్ మహిళల అనుభవంలో సంఘం, ఉమ్మడి సాగు, సొంత విత్తనం ఈ లోటును కొంతవరకు పూడ్చాయి. అందుకే ఆ అనుభవాన్ని సేద్య పద్ధతిగా మాత్రమే చూస్తే దాని సగం అర్థం పోతుంది.

7. సారాంశం

పర్మాకల్చర్ పాత జ్ఞానానికి కొత్త అమరిక, కొత్త పాఠం. టాస్మేనియాలో పేరు పొందిన ఆ పాఠం దక్కన్‌లో స్థానిక రైతుల జ్ఞానంతో, సంఘటిత శ్రమతో కలిసినప్పుడు వేళ్లూనుకుంది. దాని భవిష్యత్తు రూపకల్పన మీద ఎంత ఆధారపడి ఉందో, భూమి హక్కు మీద అంతే ఆధారపడి ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పర్మాకల్చర్‌లో నిజంగా కొత్తది ఏమిటి? రెండు ఉదాహరణలతో వివరించండి.
2. కౌలు సేద్యం పర్మాకల్చర్‌కు ఎందుకు అడ్డంకి అవుతుంది?
3. మీ ఊరి చెరువు నిండినప్పుడు అలుగు నీరు ఎటు వెళ్లేదో, ఇప్పుడు ఎటు వెళుతోందో పెద్దలను అడిగి తెలుసుకోండి. ఆ దారిని పటంగా గీసి, మారి ఉంటే కారణాలు రాయండి.