కణం ఖాళీ సంచీ కాదు

కణం లోపల ఎలా ఉంటుందని ఎవర్నడిగినా బళ్ళో గీసిన బొమ్మే చెబుతారు. మధ్యలో కేంద్రకం, చుట్టూ నాలుగు మైటోకాండ్రియాలు, మిగతాదంతా తెల్లకాగితం. నా గొడవంతా ఆ తెల్లకాగితంతోనే. అక్కడేమీ లేదన్న భావన మనకి ఊరికే రాలేదు, దాని వెనక ఓ చరిత్ర ఉంది.

1897లో జర్మనీలో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టుని ఇసకతో నూరి, పిండి, రసం తీశాడు. అందులో బతికున్న కణం లేదు. అయినా చక్కెర వేస్తే పులిసి ఆల్కహాలు పుట్టింది! ప్రాణశక్తి అంటూ వేరే ఏదీ అక్కర్లేదు, ఎంజైములు చాలని తేలింది. 1907లో నోబెల్ కూడా వచ్చింది. అప్పట్నుంచీ అదే పద్ధతి: కణాన్ని పగలగొట్టు, కావలసింది వేరుచెయ్యి, నీళ్ళలో పల్చగా కలిపి కొలువు. ఈ దారి తప్పని నేననను. మనకి తెలిసిన జీవరసాయనశాస్త్రం చాలామటుకు ఇలా వచ్చిందే.

కానీ పగలగొడితే కనబడకుండా పోయేవీ ఉంటాయి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సంగతే చూడండి. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఫాస్ఫేటు కొలుస్తుంటే రంగు రావలసినంత త్వరగా రాలేదు. కారణం, పరీక్షలో వాడే ఆమ్లానికే మెల్లగా విరిగిపోతున్న పదార్థం ఒకటి అందులో ఉంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో బయటపెట్టారు. అంతవరకూ దాన్ని మామూలు ఫాస్ఫేటు కిందే జమకట్టేవారు.

ఇలాగే లెక్కలోంచి జారిపోయిన ఇంకోటి, రద్దీ. ఈ.కోలై బాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రాన్లు. అందులో ప్రోటీన్లే లక్షల్లో ఉంటాయి. ప్రోటీన్లూ ఆర్ఎన్ఏలూ కలిపి లీటరుకి 300 గ్రాముల పైమాటే. పల్చటి చారు కాదండీ, ముద్దపప్పు! అయినా ఏదీ కుదురుగా కూర్చోదు. 1999లో కొలిచి చూస్తే అందులో ఓ ప్రోటీను నీళ్ళలోకంటే పది రెట్లు నెమ్మదిగా కదిలింది. ఆ నెమ్మదితోనే సెకను తిరిగేలోపు కణం ఈ కొస నుంచి ఆ కొసకి చేరిపోగలదు. తోసుకుంటూ, గుద్దుకుంటూ పోవడమే, దారి చూపే నాథుడు లేడు.

ఈ రద్దీ వల్ల ఒరిగేదేమిటంటారా? 1981లో స్టాన్‌ఫర్డులో ఆర్థర్ కోర్న్‌బర్గ్ బృందం ఈ.కోలై డీఎన్ఏ నకలు తీసే పనిని పరీక్షనాళికలో మొదటినుంచీ జరిపించగలిగింది. దానికి పాలీఎథిలీన్ గ్లైకాల్ కలపాల్సి వచ్చింది. అదేమీ ఎంజైము కాదు, చోటు ఆక్రమించడమే దాని పని! చోటు ఇరుకైతే ప్రోటీన్లు ఒకదాన్నొకటి అంటిపెట్టుకునేందుకు మొగ్గుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే అలెన్ మింటన్ దీని వెనకున్న సిద్ధాంతాన్ని లెక్కగట్టాడు. మా ప్రోగ్రాములు లోడు పెరిగితే పడిపోతాయి, ఇక్కడ లోడు లేకపోతే అసలు లేవవు.

1991లో డేవిడ్ గుడ్‌సెల్ ఈ.కోలై లోపలి ముక్కని పది లక్షల రెట్లు పెంచి, అణువుల కొలతలు తప్పకుండా గీసి ప్రచురించాడు. వేలు పెట్టడానికి సందు ఉండదు. కణాంగాల పేర్లు బట్టీ వేయించే ముందు అలాంటి బొమ్మ ఒక్కటి పిల్లలకి చూపిస్తే బావుంటుందని నా అభిప్రాయం. పేర్లు ఎలాగూ పరీక్ష అవగానే మర్చిపోతారు. ఆ కిక్కిరిసిన బొమ్మ మాత్రం గుర్తుండిపోతుంది. మీరేమంటారు?